గ్రాఫిక్స్ కార్డు మార్చినా ఫ్రేములు ఎందుకు పెరగలేదు?

కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించి, క్యాబినెట్ మూత కూడా వేయకుండానే కంప్యూటర్ ఆన్ చేసి కౌంటర్ స్ట్రైక్ 2 అనే తుపాకీ ఆట తెరిచాను. పాత కార్డుతో రౌండ్ మొదట్లో సెకనుకి 220 ఫ్రేములు, అంటే ఆట గీసే బొమ్మలు, వచ్చేవి. పొగ బాంబులు పడి, రెండు జట్లూ ఒకే సందులో తలపడే సరికి అది 110కి పడిపోయేది. ఆ 110తో వేగలేకే కొత్త కార్డు కొన్నాను. రౌండ్ మొదలైంది: 224. పొగ పడింది: 110. డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను. విండోస్ కూడా మళ్లీ వేశాను. 110 మాత్రం కదల్లేదు.

స్క్రీన్ మూలన ఇంకో అంకె కనిపిస్తూనే ఉంది, నేనే పట్టించుకోలేదు. గ్రాఫిక్స్ కార్డు వాడకం 42 శాతం. అంత డబ్బు పోసి తెచ్చిన కార్డు సగానికి పైగా సమయం ఖాళీగా కూర్చుని, ఎవరైనా పని ఇస్తారా అని ఎదురు చూస్తోంది. రోగం ఒకటైతే మందు ఇంకొకటి వేశానన్నమాట.

ఈ పొరపాటు చాలామంది చేస్తారు. గేమింగ్ అంటే గ్రాఫిక్స్ కార్డే అన్న మాట మన బుర్రల్లో అంతగా పాతుకుపోయింది. కథతో సాగే పెద్ద ఆటలకు, 4కే స్క్రీన్లకు ఆ మాట నిజమే. కానీ 240 హెర్ట్జ్ మానిటర్ మీద కౌంటర్ స్ట్రైక్, వాలరెంట్ లాంటివి ఆడేవాళ్ల దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ఎందుకో అర్థం కావాలంటే ఒక్క ఫ్రేము ఎలా తయారవుతుందో చూడాలి.

నాలుగు మిల్లీ సెకన్ల గడువు

మానిటర్ 60 హెర్ట్జ్ అంటే సెకనుకి 60 సార్లు బొమ్మ మారుతుంది. ఒక్కో బొమ్మకు 16.7 మిల్లీ సెకన్లు. 144 హెర్ట్జ్ అయితే 6.9, 240 అయితే 4.2, 360 అయితే 2.8. హెర్ట్జ్ అంకెలు మోసం చేస్తాయి కాబట్టి నేను ఎప్పుడూ మిల్లీ సెకన్లలోనే ఆలోచిస్తాను. 60 నుంచి 144కి వెళ్తే ఒక్కో ఫ్రేముకి దాదాపు 10 మిల్లీ సెకన్లు కలిసొస్తాయి. 144 నుంచి 240కి వెళ్తే 2.8. అక్కడి నుంచి 360కి వెళ్తే 1.4. మొదటి మార్పు మౌస్ కదిపిన మొదటి క్షణంలోనే తెలిసిపోతుంది. రెండోది కొన్ని రోజులు ఆడి, మళ్లీ పాతదానికి వెళ్తే తెలుస్తుంది. మూడోది ఆటే వృత్తిగా ఉన్నవాళ్లకు తప్ప మిగతావాళ్లకు తెలియడం కష్టం.

ఇప్పుడు అసలు విషయం. 240 హెర్ట్జ్ మానిటర్ కొన్నారంటే, మీ కంప్యూటర్ ప్రతి 4.2 మిల్లీ సెకన్లకు ఒక కొత్త ఫ్రేము తయారుచేసి ఇవ్వాలి. ఇవ్వలేకపోతే మానిటర్ పాత బొమ్మనే మళ్లీ చూపిస్తుంది.

ఇల్లు కట్టే చోట మనుషులు వరుసగా నిలబడి ఇటుకలు చేతి నుంచి చేతికి అందించుకోవడం చూసే ఉంటారు. ఫ్రేము కూడా అలాగే వస్తుంది. ముందు ప్రాసెసర్ పని: మీరు నొక్కిన కీ ఏమిటి, ఎవరు ఎక్కడ ఉన్నారు, తూటా ఎవరికి తగిలింది, పొగ ఎటు కదులుతోంది, సర్వర్ ఏం చెప్పింది, ఇవన్నీ లెక్కగట్టి, "ఈ వస్తువులను ఇక్కడ గియ్యి" అని ఒక చిట్టా రాసి గ్రాఫిక్స్ కార్డుకు ఇస్తుంది. కార్డు ఆ చిట్టా ప్రకారం రంగులు నింపి బొమ్మ తయారుచేస్తుంది. మానిటర్ దాన్ని చూపిస్తుంది. వరుసలో ఒక్కడు నెమ్మది అయితే చాలు, మిగతావాళ్లు ఎంత చురుకైనవాళ్లైనా ఇటుకలు ఆ ఒక్కడి వేగంతోనే కదులుతాయి.

స్క్రీన్‌లో చుక్కలు పెరిగితే, నీడలు, మెరుపులు పెంచితే కార్డుకి పని పెరుగుతుంది. ప్రాసెసర్‌కి అందులో పెద్దగా తేడా ఉండదు. 720పీలో ఆడినా 4కేలో ఆడినా పదిమంది ఆటగాళ్లు పదిమందే, తూటాలు అవే తూటాలు. పోటీ ఆటలు ఆడేవాళ్లేమో చేసేదంతా కార్డు బరువు తగ్గించే పనే: 1920×1080 రిజల్యూషన్, సెట్టింగ్‌లన్నీ లో. కౌంటర్ స్ట్రైక్ వృత్తి ఆటగాళ్లలో చాలామంది ఇప్పటికీ 1280×960 పెట్టి, బొమ్మను అడ్డంగా సాగదీసి ఆడతారు. కార్డు పని అంతగా తగ్గాక వరుసలో ఆలస్యం చేసేది ఎవరు? ప్రాసెసర్, దాని వెనకాల ఉన్న ర్యామ్.

కొనే ముందు పది నిమిషాల పరీక్ష

ఏది అడ్డుపడుతోందో తెలుసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. మీరు ఆడే ఆటలో, మీకు ఇబ్బంది వచ్చే చోటే, ఇప్పుడు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో రాసుకోండి. రిజల్యూషన్‌ను 1280×720కి తగ్గించండి. 1080పీలో 20 లక్షల పైచిలుకు చుక్కలుంటే 720పీలో 9 లక్షల పైచిలుకే, కాబట్టి కార్డు పని సగానికి పైగా తగ్గినట్టే. మళ్లీ అదే చోట అదే పరిస్థితిలో చూడండి. ఫ్రేములు బాగా పెరిగితే అడ్డం కార్డే. ఉన్నచోటే ఉంటే ప్రాసెసర్ వైపు చూడాలి. నేను ఈ పరీక్ష కార్డు కొన్నాక చేశాను. అదే నా తెలివి.

ఇందులో చాలామందిని పక్కదారి పట్టించే అంకె ఒకటుంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ వాడకం 35 శాతం అని కనిపిస్తుంది. "ఇంకా 65 శాతం ఖాళీ ఉంది కదా, ప్రాసెసర్ తప్పు కాదు" అనుకుంటాం. ఆరు కోర్లు (లెక్కలు చేసే విభాగాలు), పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరుసలు) ఉన్న ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండిపోతే మొత్తంలో అది 8 శాతమే. ఆటల్లో అసలు బరువంతా ఒకటి రెండు ముఖ్యమైన థ్రెడ్ల మీదే పడుతుంది. ఆ ఒక్క థ్రెడ్ ఊపిరాడకుండా పరుగెడుతుంటే మిగతావి కబుర్లు చెప్పుకుంటున్నా మొత్తం లెక్కలో 35 శాతమే కనిపిస్తుంది. అందుకే ప్రాసెసర్ వాడకాన్ని చూడకండి, కార్డు వాడకాన్ని చూడండి. ఫ్రేముల మీద ఏ పరిమితీ పెట్టకుండా ఆడుతున్నప్పుడు కార్డు 95 శాతం పైన ఉంటే కార్డే అడ్డం. 60, 70 దగ్గర తచ్చాడుతుంటే దానికి పని అందడం లేదు.

సగటు ఫ్రేముల లెక్క గురించి కూడా ఇక్కడే చెప్పాలి. వంద ఫ్రేములు తీసుకుందాం. 99 ఫ్రేములు 4 మిల్లీ సెకన్ల చొప్పున వచ్చాయి, ఒక్కటి మాత్రం 40 మిల్లీ సెకన్లు పట్టింది. మొత్తం 436 మిల్లీ సెకన్లు. సగటు లెక్కగడితే సెకనుకి 229 ఫ్రేములు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ ఆ ఒక్క ఫ్రేము దగ్గర 240 హెర్ట్జ్ మానిటర్ వరసగా తొమ్మిదిసార్లు పాత బొమ్మే చూపించింది. గురి పెట్టి మౌస్ లాగుతున్న క్షణంలో అది జరిగితే మీరు పోయినట్టే. ఇంకో కంప్యూటర్‌లో వందకి వంద ఫ్రేములూ 5 మిల్లీ సెకన్లే పట్టాయి. సగటు 200. నన్నడిగితే రెండోదే కావాలంటాను. రివ్యూల్లో "వన్ పర్సెంట్ లో" అని ఇచ్చే అంకె చెప్పేది ఈ సంగతే: అన్నిటికన్నా నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం. ప్రాసెసర్ రివ్యూ చదివేటప్పుడు నేను సగటు వరుసను వేలితో మూసేసి రెండో వరుసే చూస్తాను. ఇంటెల్ ఉచితంగా ఇచ్చే ప్రెజెంట్‌మాన్, లేదా క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ లాంటివి వేసుకుంటే మీ కంప్యూటర్ సంగతి కూడా ఇలాగే బయటపడుతుంది.

ప్రాసెసర్: గిగాహెర్ట్జ్ కన్నా క్యాష్

ప్రాసెసర్ అనగానే గిగాహెర్ట్జ్, కోర్లు లెక్కపెడతాం. ఆటల దగ్గర ఇంకో అంకె వీటిని మించిపోయింది. 2022 ఏప్రిల్‌లో ఏఎండీ రైజెన్ 7 5800ఎక్స్3డీ అనే ప్రాసెసర్ వదిలింది. అంతకుముందున్న 5800ఎక్స్‌తో పోలిస్తే కోర్లు అవే ఎనిమిది. గరిష్ఠ వేగం తగ్గింది కూడా: 4.7 గిగాహెర్ట్జ్ నుంచి 4.5కి. వేగాన్ని మనమే పెంచుకునే ఓవర్‌క్లాకింగ్‌కు తాళం వేశారు. అయినా ఆటల్లో అది తన అన్నను దాటేసింది. మారిందల్లా ఒక్కటే: చిప్పు మీద ఇంకో పొరగా 64 ఎంబీ మెమరీని అంటించి, ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీని, అంటే ఎల్3 క్యాష్‌ను, 32 నుంచి 96 ఎంబీకి పెంచారు.

దీనికి కారణం చిన్న లెక్కలో ఉంది. 4 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు ఒక్క అడుగు వేయడానికి పట్టేది పావు నానో సెకను. తనకు కావాల్సిన సమాచారం ర్యామ్‌లో ఉంటే, అక్కడికి వెళ్లి తెచ్చుకోవడానికి 70, 80 నానో సెకన్లు పడుతుంది. అంటే దాదాపు మూడు వందల అడుగులు వేసే సమయం చేతులు కట్టుకుని నిలబడాలి. అదే సమాచారం ఎల్3 క్యాష్‌లో ఉంటే పది నానో సెకన్లకు అటూ ఇటూగా దొరుకుతుంది. ఆట లెక్కలు ఒక పద్ధతిగా వరసలో సాగవు. ఈ ఆటగాడి స్థానం, ఆ గోడ కొలత, ఇంకెక్కడో ఉన్న తుపాకీ వివరం, ఇలా మెమరీలో అక్కడొకటి ఇక్కడొకటి కావాలి. తర్వాత ఏం కావాలో ప్రాసెసర్ ముందే ఊహించడం కష్టం. కాబట్టి చేతికి అందేంత దూరంలో ఎంత ఎక్కువ పెట్టుకోగలిగితే అంత మేలు. ప్రాసెసర్ ఎంత వేగంగా పరుగెత్తగలదన్నది కాదిక్కడ సమస్య, ఎంతసేపు నిలబడి ఎదురుచూస్తుందన్నది.

2023 ఏప్రిల్‌లో వచ్చిన 7800ఎక్స్3డీ, 2024 నవంబర్‌లో వచ్చిన 9800ఎక్స్3డీ కూడా ఇదే దారి. చివరిదాంట్లో అదనపు క్యాష్‌ను కోర్ల మీద కాకుండా కోర్ల కింద పెట్టారు. దాంతో వేడి నేరుగా కూలర్‌కి చేరి, వేగం పెంచే వీలు దొరికింది. ఒక చిన్న హెచ్చరిక: 7950ఎక్స్3డీ లాంటి పదహారు కోర్ల వాటిలో అదనపు క్యాష్ ఒక సగానికే ఉంటుంది, ఆట ఆ సగంలోనే నడిచేలా విండోస్ చూసుకోవాలి. ఆటే ప్రధానమైతే ఎనిమిది కోర్ల దానితో తలనొప్పి తక్కువ.

ఇంటెల్ వైపు ఉన్నవాళ్లకు ఒక మాట. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఎక్కువ వోల్టేజీ వల్ల అస్థిరత వస్తోందని 2024లో ఇంటెలే ఒప్పుకుని, మైక్రోకోడ్‌కు (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలు వదిలి, వారంటీ మరో రెండేళ్లు పొడిగించింది. ఆ సవరణలు బయాస్ ద్వారా, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్ ద్వారా వస్తాయి. కాబట్టి ఆ తరం ప్రాసెసర్ కొన్నా, ఇప్పటికే వాడుతున్నా, బయాస్ అప్‌డేట్ చేసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు అది ఇంతకాలం ఏ బయాస్‌తో నడిచిందో మనకు తెలిసే దారి లేదు కాబట్టి నేనైతే జంకుతాను.

ప్రాసెసర్ మార్చాలంటే ముందు చూడాల్సింది మదర్‌బోర్డు సాకెట్, అంటే ప్రాసెసర్ కూర్చునే చోటు. ఏఎండీ ఏఎం4 సాకెట్ బోర్డు ఉన్నవాళ్లు అదృష్టవంతులు: మొదటి తరం రైజెన్ రోజుల నాటి బోర్డుల్లో కూడా చాలావాటిలో బయాస్ మార్చి 5800ఎక్స్3డీ పెట్టొచ్చు. బోర్డు, ర్యామ్ మార్చే ఖర్చు తప్పుతుంది. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 అయితే 12 నుంచి 14 తరాల వరకు అదే సాకెట్. మీ బోర్డు పేరు పెట్టి తయారీదారు వెబ్‌సైట్‌లో "సపోర్టెడ్ సీపీయూ" జాబితా చూడండి. పక్కనే ఏ బయాస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో కూడా ఉంటుంది. పాత ప్రాసెసర్ బోర్డు మీద ఉండగానే బయాస్ మార్చాలి. ముందే ఊడదీసి కొత్తది పెట్టేస్తే, కొన్ని బోర్డులు స్క్రీన్ మీద ఒక్క అక్షరం కూడా చూపించవు.

ర్యామ్: కొనడానికి ముందు సరిచేయడం

ఇది చిన్న విభాగమే కానీ ఫలితం పెద్దది. రెండు విషయాలు. ఒకటి, ర్యామ్ రెండు కర్రలుగా ఉండాలి, ఒకటిగా కాదు. 16 జీబీ కర్ర ఒకటి పెడితే ప్రాసెసర్‌కి ర్యామ్‌తో ఒక్క దారే ఉంటుంది. 8 జీబీవి రెండు పెడితే రెండు దారులు. నాలుగు స్లాట్ల బోర్డుల్లో మామూలుగా ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది వాడాలి. పక్కపక్కన ఉన్న రెంటిలో పెట్టేస్తే చాలా బోర్డుల్లో మళ్లీ ఒక్క దారే.

రెండోది వేగం. ర్యామ్ పెట్టె మీద 3200 అనో 6000 అనో రాసి ఉంటుంది. బిగించగానే ఆ వేగంతో నడవదు. పాత తరం డీడీఆర్4 అయితే 2133 దగ్గరో 2400 దగ్గరో, కొత్త తరం డీడీఆర్5 అయితే తరచుగా 4800 దగ్గర మొదలవుతుంది. బయాస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే ప్రొఫైల్ ఆన్ చేస్తేనే రాసిన వేగం వస్తుంది. ఏళ్ల తరబడి ఇది ఆన్ చేయకుండా ఆడుతున్నవాళ్లు ఎంతమందో. ఒక్క క్లిక్, పైసా ఖర్చు లేదు.

డీడీఆర్4 నుంచి డీడీఆర్5కి మారితే ఆలస్యం సగానికి తగ్గిపోతుందని అనుకోకండి. 3200 వేగం, సీఎల్16 (సీఎల్ అంటే స్పందించే ముందు ర్యామ్ ఆగే అడుగుల లెక్క) ఉన్న డీడీఆర్4కి మొదటి స్పందన 10 నానో సెకన్లు. 6000 వేగం, సీఎల్30 ఉన్న డీడీఆర్5కీ సరిగ్గా 10 నానో సెకన్లే. ఒకేసారి మోయగల బరువు పెరిగింది, మొదటి ఇటుక అందే సమయం కాదు. ఏఎం4 తర్వాత వచ్చిన ఏఎం5 సాకెట్ బోర్డుల్లో 6000 దగ్గర ఆగిపోవడం మంచిది, ఆ పైన పెట్టే డబ్బుకు తగ్గ ఫలితం కష్టం. అన్నట్టు, డీడీఆర్5లో నాలుగు కర్రలు పెడితే వేగం బాగా తగ్గించుకోవాల్సి వస్తుంది. రెంటితోనే సరిపెట్టుకోండి. ఇక ఎక్స్3డీ ప్రాసెసర్లకు ర్యామ్ వేగంతో వచ్చే లాభం మిగతావాటికన్నా తక్కువ. పెద్ద క్యాష్ ఉన్నదే ర్యామ్ దాకా వెళ్లకుండా ఉండటానికి కదా.

కార్డు ఎప్పుడు మార్చాలి

1440పీకి వెళ్తున్నప్పుడు, లేదా పైన చెప్పిన పరీక్షలో కార్డు 95 శాతం దాటి ఆయాసపడుతున్నప్పుడు. అప్పుడు మాత్రం మొహమాటం లేకుండా మార్చాల్సిందే. పాత బోర్డు ఉన్నవాళ్లు ఒకటి చూసుకోవాలి: చౌక కార్డుల్లో కొన్నిటికి పీసీఐఈ దారులు, అంటే మదర్‌బోర్డుతో సమాచారం ఇచ్చిపుచ్చుకునే దారులు, తక్కువ. రేడియాన్ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి నాలుగే ఉన్నాయి, మెమరీ 4 జీబీ. పీసీఐఈ 3.0 బోర్డులో పెడితే దాని పనితీరు గట్టిగా పడిపోతుంది.

డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ లాంటి అప్‌స్కేలింగ్ (చిన్న బొమ్మ గీసి పెద్దది చేయడం) తగ్గించేది కార్డు బరువునే కాబట్టి ప్రాసెసర్ అడ్డం ఉన్నప్పుడు వాటివల్ల ఒరిగేదేమీ లేదు. 2022 నుంచి వస్తున్న ఫ్రేమ్ జనరేషన్ సంగతి ఇంకా విచిత్రం. అది రెండు నిజమైన ఫ్రేముల మధ్య ఒక ఊహాచిత్రాన్ని ఇరికిస్తుంది. అలా ఇరికించాలంటే తర్వాతి నిజమైన ఫ్రేము వచ్చేదాకా ఆగాలి. అంకె పెరుగుతుంది, చేతికి కంటికి మధ్య ఆలస్యమూ పెరుగుతుంది. కథల ఆటలో హాయిగా ఉంటుంది, పోటీ ఆటలో దాని జోలికి పోకండి.

కార్డు 99 శాతం దగ్గర నడుస్తున్నప్పుడు ఇంకో తిరకాసు ఉంది. ప్రాసెసర్ చిట్టాలు రాసి పారేస్తూ ఉంటుంది, కార్డు వాటిని అందుకోలేక ఒకటి రెండు వరసలో పేరుకుంటాయి. మీరు ఇప్పుడు నొక్కిన బటన్ ఆ వరస చివర్లో నిలబడుతుంది. ఫ్రేములు 200 ఉన్నా చేయి బరువుగా అనిపించేది ఇందుకే. ఎన్విడియా 2020 సెప్టెంబర్‌లో తెచ్చిన రిఫ్లెక్స్ చేసే పని ఈ వరసను లేకుండా చేయడం: కార్డు సిద్ధంగా ఉన్నప్పుడే ప్రాసెసర్‌ను మొదలుపెట్టమంటుంది. ఆటలో ఆ సెట్టింగ్ ఉంటే ఆన్ చేసి మర్చిపోండి. లేని ఆటల్లో ఫ్రేములకు ఒక పరిమితి పెట్టి, కార్డు 90 శాతం లోపే ఉండేలా చూసుకున్నా చాలావరకు అదే ఫలితం వస్తుంది.

ఏఎండీ దీనికి పోటీగా తెచ్చిన యాంటీ ల్యాగ్ ప్లస్ కథ చెప్పకుండా ఉండలేను. 2023 అక్టోబర్‌లో డ్రైవర్ అప్‌డేట్‌తో అది కౌంటర్ స్ట్రైక్ 2లో పనిచేయడం మొదలైంది. కానీ అది ఆట తాలూకు సొంత ఫైళ్ల పనిలో బయటి నుంచి చేయి పెట్టే పద్ధతిలో రాశారు. మోసం చేసే సాఫ్ట్‌వేర్లు చేసేదీ అదే. ఆ ఆట తయారుచేసిన వాల్వ్ కంపెనీ మోసాల నిరోధక వ్యవస్థకు తేడా తెలియక ఆటగాళ్ల మీద నిషేధాలు పడ్డాయి. వాల్వ్ బహిరంగంగా "దాన్ని ఆన్ చేయకండి" అని చెప్పింది, ఏఎండీ ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత 2024లో వచ్చిన యాంటీ ల్యాగ్ 2ను ఆటలోనే భాగంగా, ఆట తయారీదారులతో కలిసి చేశారు. ఆలస్యం తగ్గిస్తుందని ఎక్కడో దొరికిన టూల్ ఏదైనా వేసుకునే ముందు ఈ సంగతి గుర్తుచేసుకుంటే మంచిది.

మానిటర్: పెట్టె మీద రాసిన 1 మిల్లీ సెకను

240 హెర్ట్జ్ లాభం ఆలస్యం తగ్గడం ఒక్కటే అనుకుంటారు. నా దృష్టిలో అంతకన్నా పెద్దది స్పష్టత. కదిలే బొమ్మను కన్ను వెంబడిస్తుంది. మానిటర్ మాత్రం ఒక్కో ఫ్రేమును కదలకుండా పట్టి ఉంచుతుంది. ఈ రెంటి మధ్య తేడా కంటికి మసకగా కనిపిస్తుంది. సెకనుకి 960 చుక్కల వేగంతో ఒక ఆటగాడు స్క్రీన్‌లో అడ్డంగా పరుగెడుతున్నాడనుకోండి. 60 హెర్ట్జ్‌లో అతని అంచు 16 చుక్కల మేర మసకబారుతుంది. 240లో నాలుగు, 480లో రెండు. తల ఎక్కడుందో కనిపించడానికీ, ఒక రంగు మరక కదులుతున్నట్టు కనిపించడానికీ తేడా ఇదే. ఇది ఫ్రేములు కూడా అంతే వేగంగా వస్తేనే సుమా.

ఇక ప్యానెల్, అంటే మానిటర్ తెర. పెట్టెల మీద "1 ఎంఎస్" అని అందరూ రాస్తారు. అది చాలాసార్లు ఓవర్‌డ్రైవ్‌ను (చుక్కల రంగు మార్పును తొందరపెట్టే సెట్టింగ్) చివరి దాకా తిప్పి, ఒక అనుకూలమైన రంగు మార్పులో కొలిచిన అంకె. ఆ సెట్టింగ్‌లో నిజంగా ఆడితే కదిలే వస్తువుల వెనక తెల్లటి నీడలు కనిపిస్తాయి. వీఏ రకం ప్యానెళ్లలో నలుపు నుంచి ముదురు రంగులకు మారడం నెమ్మది, చీకటి మూలల్లో మసి పూసినట్టు ఉంటుంది. పోటీ ఆటలకు వాటిని నేను సిఫార్సు చేయను. మంచి ఐపీఎస్ రకం ప్యానెల్ చాలామందికి సరిపోతుంది. ఓఎల్‌ఈడీ చుక్కలు దాదాపు తక్షణం మారతాయి కాబట్టి 240 హెర్ట్జ్ ఓఎల్‌ఈడీ అదే వేగం ఉన్న ఐపీఎస్ కన్నా శుభ్రంగా కనిపిస్తుంది. కాకపోతే ఆటలో ఎప్పుడూ ఒకేచోట ఉండే మ్యాప్, ఆరోగ్యం అంకెలు ఏళ్లు గడిచేకొద్దీ మచ్చగా మిగిలే ప్రమాదం ఉంది. ఫ్రేములు ఎక్కువ తక్కువ అవుతున్నప్పుడు అడాప్టివ్ సింక్ (ఫ్రేముల వేగానికి తగ్గట్టు మానిటర్ వేగాన్ని మార్చే పద్ధతి) ఆన్‌లో ఉంటే ముదురు దృశ్యాల్లో మిణుకుమిణుకు కూడా కనిపించొచ్చు.

2023లో 540 హెర్ట్జ్ మానిటర్లు, 2024లో 480 హెర్ట్జ్ ఓఎల్‌ఈడీలు వచ్చాయి. కొనే ముందు మీ ఆటలో పొగ పడిన చోట మీ కంప్యూటర్ ఎన్ని ఫ్రేములు ఇస్తోందో ఒక్కసారి చూసుకోండి. 110 అయితే మానిటర్ సంగతి తర్వాత.

కొత్త మానిటర్ తెచ్చాక విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్‌లలో రిఫ్రెష్ రేట్ స్వయంగా మార్చాలి. చాలాసార్లు అది 60 దగ్గరే ఉండిపోతుంది. పాత కేబుల్ కూడా ఉచ్చే: హెచ్‌డీఎంఐ 1.4 మీద 1080పీలో 120 హెర్ట్జ్ దాకానే వెళ్తుంది. 1440పీలో 240 కావాలంటే డిస్‌ప్లే పోర్ట్ 1.4 చూసుకోండి. ఇంకో నవ్వొచ్చే తప్పు, కేబుల్‌ను కార్డుకు కాకుండా మదర్‌బోర్డుకి తగిలించడం. నవ్వకండి, ఒకటి కన్నా ఎక్కువ ఇళ్లల్లో చూశాను.

మీ మానిటర్ 60 హెర్ట్జే అయినా 200 ఫ్రేములు రావడం వృథా కాదు. మానిటర్ చూపించే బొమ్మ మరింత తాజాది అవుతుంది, చేయి తేలిగ్గా అనిపిస్తుంది. బొమ్మ మధ్యలో చీలినట్టు కనిపించడం దానికి కట్టే మూల్యం.

మిగతావి

మౌస్ పోలింగ్, అంటే మౌస్ సెకనుకి ఎన్నిసార్లు తన కదలిక చెబుతుందన్నది, 125 హెర్ట్జ్ నుంచి 1000కి వెళ్తే గరిష్ఠ ఆలస్యం 8 మిల్లీ సెకన్ల నుంచి 1కి వస్తుంది. 8000కి వెళ్తే ఇంకో 0.875 మిల్లీ సెకను మిగులుతుంది, కానీ ఆ సమాచారమంతా చదవాల్సింది ప్రాసెసరే. ఇప్పటికే రొప్పుతున్న ప్రాసెసర్ మీద 8000 పెడితే ఫ్రేములు తగ్గడం నేను చూశాను. కీబోర్డుల్లో అయస్కాంత స్విచ్‌లు, కీ కాస్త పైకి లేవగానే వదిలినట్టు లెక్కించే ర్యాపిడ్ ట్రిగ్గర్ పనికొచ్చేవే. అయితే రెండు వ్యతిరేక కీలను కీబోర్డే తనంతట తాను సర్దే స్నాప్ ట్యాప్ లాంటి వాటిని వాల్వ్ 2024 ఆగస్టులో కౌంటర్ స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో నిషేధించింది. వాడితే మ్యాచ్ మధ్యలోనే బయటకు తోసేస్తుంది.

వైఫై బదులు కేబుల్ వేయండి. పావుగంట ఆడాక ఫ్రేములు పడిపోతుంటే అది వేడి. కొత్త ప్రాసెసర్ కొనేముందు దుమ్ము దులిపి, థర్మల్ పేస్టు మార్చి చూడండి. కొత్త కార్డు కొంటే పవర్ సప్లై ఆ బరువు మోయగలదో లేదో చూసుకోండి. వీటి గురించి ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

నా 110 సంగతి

నా కంప్యూటర్‌లో ప్రాసెసర్ రైజెన్ 5 3600. టాస్క్ మేనేజర్‌లో మెమరీ ట్యాబ్ తెరిస్తే రెండు అంకెలు కనిపించాయి: వేగం 2400, వాడుతున్న స్లాట్లు నాలుగింటిలో ఒకటి. కంప్యూటర్ బిగించి ఇచ్చినవాళ్లు 3200 వేగం ఉన్న ర్యామ్ కర్ర ఒకటే పెట్టి, బయాస్ ముట్టుకోకుండా పంపారు. మూడేళ్లు అలాగే ఆడాను. అలాంటిదే ఇంకో కర్ర తెచ్చి, సరైన స్లాట్‌లో పెట్టి, ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాను. పొగలో 110 కాస్తా 140 అయింది. కార్డుకు పెట్టిన దాంట్లో ఇరవయ్యో వంతు కూడా ఖర్చు కాలేదు.

తర్వాతి ఏడాది 5800ఎక్స్3డీ దొరికింది. పాత ప్రాసెసర్ మీద ఉండగానే బయాస్ మార్చాను. ఆ ఐదు నిమిషాలూ కరెంటు పోతుందేమోనని స్క్రీన్ ముందే టెన్షన్‌తో కూర్చున్నాను. బోర్డు అదే, ర్యామ్ అదే. పొగలో 220 వచ్చింది. కార్డు వాడకం మొదటిసారి 80 శాతం దాటింది. ఫ్రేములకు 225 దగ్గర పగ్గం వేశాను, 240 హెర్ట్జ్ మానిటర్‌కి కాస్త కింద ఉంటే అడాప్టివ్ సింక్ తన పని తాను చేసుకుంటుంది.

కుతూహలం ఆగక, అటక మీద పెట్టిన పాత గ్రాఫిక్స్ కార్డును దించి, మళ్లీ అందులో బిగించి చూశాను. అదే మ్యాప్, అదే సందు, అదే పొగ. 204.